అప్పు తీరుటయన నేమి?

ఒక గృహస్థుడు పొరుగువానియొద్ద పది కుంచముల ధాన్యము బదులు తెచ్చుకొని, మరుసటియేట పది కుంచములు మరల గొలిచి యిచ్చెననుకొందము. ఈ నడుమ గ్రామాధికారి కుంచమును తవ్వంతగా జేసి, దానికి కుంచమనియే పేరుంచెను. పుచ్చుకొన్నవాడు "పదికి పది చెల్లించితిని, నా యప్పు తీరినది" అనును. ఇచ్చినవాడు "నీవు లెక్క చెల్లించితివి గాని ధాన్యము చెల్లింపలేదు" అనును. ఈ తగవులో న్యాయ మెవరిపక్షమున నున్నదో చెప్పుటకు శాస్త్రపాండిత్య మక్కరలేదు. అయినను కుంచమునకు బదులుగా నాణెమును, ధాన్యమునకు మారుగా ద్రవ్యమును నిలిపినతోడనే బుద్ధిమంతులు సైతము తబ్బిబ్బుపడుచున్నారు. దొంగకొలత గొలిచిన వర్తకుని నలుగురిలో నిలిపి దండించువారే, కొలత యంతయు నొక్కమారుగా జిక్కిపోయినప్పుడు దానిని కాలవైపరీత్యమని యూరకుందురు.

ఈ ప్రశ్న కేవల మూహామాత్రము గాదు. జర్మనీదేశమున లక్షలాది కుటుంబములను నిజముగా బాధించినదే. 1914 వ సంవత్సరము ఆగస్టునెలలో యుద్ధ మారంభమైనతోడనే అచ్చటి ప్రభుత్వము కాగితపు మార్కులకు బంగార మిచ్చుట నిలిపివేసెను. యుద్ధవ్యయమునకు పన్నులు వేయుటకంటె ప్రజలయొద్ద అప్పు దీయుటయే సులభమని తోచెను. గెలిచినపిమ్మట నోడినవారిచే నా యప్పు తీర్పింపవచ్చునని యాశ. గెలుపు రాలేదు. 1918 లో యుద్ధము ముగియగా నష్టపరిహారభారము తలమీద బడెను. 1923 జనవరిలో ఫ్రెంచి, బెల్జియము సేనలు రూరు ప్రాంతము నాక్రమించెను. అచ్చట సహాయనిరాకరణ మొనర్చి పని మానిన కార్మికుల పోషణకై ప్రభుత్వము నోట్లు అచ్చువేయుచు వచ్చెను. 1914 లో అమెరికా డాలరునకు 4.2 మార్కులు వెల యుండగా, 1923 నవంబరు 20 వ తేదీకి 4,20,000 కోట్ల మార్కులయ్యెను. ఆ నెలలో బెర్లిను నగరమున నొక రొట్టె వెల సుమారు 20,000 కోట్ల మార్కులు. యుద్ధమునకు ముందు తాకట్టుమీద 10,000 మార్కు లిచ్చినవానికి, ఆ రొట్టెను రెండుకోట్ల ముక్కలుగా జేసి యందొక ముక్క నిచ్చినచో బాకీ చెల్లినట్లే!

ఇందు మునిగినవారెవరు? జూదరులు గారు. అనాథబాలుర సొమ్మును సంరక్షకులు భూముల తాకట్టులందును, ప్రభుత్వ ఋణపత్రములందును, అట్టి నమ్మకమైన చోటులందే నిలుపవలెనని జర్మనీచట్టమే శాసించియుండెను. చట్టము వ్రేలుపెట్టి చూపినచోట దాచినవారే సర్వస్వమును గోల్పోయిరి. అప్పుచేసి కర్మాగారములను, భూములను కొన్నవారు సుఖముగా ఋణవిముక్తులైరి. అందరిలోను పెద్ద ఋణస్థుడు ప్రభుత్వమే. తూనికరాళ్లు చేయు నధికారము గలవాడే యప్పుపడియున్నప్పుడు, ఆ రాళ్ల బరువును కాపాడువాడెవడు?

ఋణస్థులపక్షమున వాదము లేకపోలేదు. "మార్కు మార్కే, పత్రములో వ్రాసినది సంఖ్యయే గాని రొట్టె గాదు. న్యాయస్థానములు ప్రతి పత్రమునకును నిజమైన విలువ యెంతయని విచారింప మొదలిడినచో వ్యవహారమున కంతముండదు. మేము నోట్లు అచ్చువేయలేదు, మాపై దోషమేల?" యని వారు పలికిరి. ఈ మాటలలో కొంత బలము గలదని యొప్పుకొనవలెను. ద్రవ్యము ప్రియమైనప్పుడు ఋణదాతలు తమకు వచ్చిన యదనపు లాభమును మరల నిచ్చెదరా యని కూడ నడుగవచ్చును. మనదేశపు సంగతియే చూడుడు. 1893 వరకు వెండి దెచ్చినవారి కెల్ల టంకశాలలలో రూపాయలు కొట్టి యిచ్చుచుండిరి. తులము వెండి యించుమించుగా రూపాయయని జనుల నమ్మకము. ఆ సంవత్సరము జూను 26 వ తేదీన ప్రభుత్వ మా ద్వారమును మూసెను. 1898 ప్రాంతమునకు రూపాయ వెల 1 షిల్లింగు 4 పెన్సుల కెక్కెను. రైతు భార్య కడియములలోని వెండి చవుకయయ్యెను. ఆమె భర్త షావుకారునకు బాకీపడిన రూపాయ మాత్రము ప్రియమయ్యెను. ప్రియమైనంత మేర తగ్గించి పుచ్చుకొమ్మని షావుకారుతో నే చట్టమును జెప్పలేదు. కుంచము పెరిగినను, తరిగినను ద్రోహ మొక్కటియే. ఒకసారి ఋణదాతకు, వేరొకసారి ఋణగ్రస్తునకు.

కాని "మేము నోట్లు అచ్చువేయలేదు" అను మాట ఋణస్థుని దొంగతనమునుండి విడిపించునేమో గాని, దొంగసొత్తు నుంచుకొనుటకు హక్కు నీయదు. పొరుగువాని పశువు వరదలో గొట్టుకొనివచ్చి మన దొడ్డిలో నిలిచినచో, వరదను మేము దేలేదని పశువును కట్టివేసికొందుమా?

జర్మనీ ప్రధానన్యాయస్థాన మించుమించుగా నీ మార్గముననే తీర్పు చెప్పెను. 1923 నవంబరు 15 వ తేదీన రెంటెన్‌మార్కను క్రొత్త నాణెము పుట్టెను. పాత మార్కులు లక్షకోట్లు దానికొకటి. అదే నెల 28 వ తేదీన ఆ న్యాయస్థానము, ఋణమును సద్భావముతో దీర్పవలెనను చట్టవిధి ననుసరించి, సంఖ్యకు సంఖ్య చెల్లించినంతమాత్రమున తాకట్టుబాకీ తీరదని నిర్ణయించెను. ప్రభుత్వ మిట్టి పునర్విచారణను నిషేధింపనున్నదని వినికిడి గలుగగా, ఆ న్యాయాధిపతుల సంఘము 1924 జనవరిలో బహిరంగముగా హెచ్చరిక చేసెను. చట్టమునకు లోబడుటయే వృత్తిగా గలవా రట్లు పలుకుట సామాన్య విషయము గాదు.

1925 జూలై 16 వ తేదీ చట్టముచే తాకట్టుబాకీలకు పూర్వపు బంగారువిలువలో నూటికి 25 వంతులు నిర్ణయింపబడెను. ప్రభుత్వము తన సొంత యప్పునకు మాత్ర మంతకంటె మిక్కిలి తక్కువ నిచ్చెను. మరియు 1922 జూను 15 వ తేదీకి పూర్వము ఎట్టి యాక్షేపణయు లేక బాకీ పుచ్చుకొని పత్రము తిరిగి యిచ్చినవారికి చట్టమేమియు నీయలేదు. ఆ తేదీకి ముందు కాగితముతో నిల్లు విడిపించుకొన్న గృహస్థుని నేన్యాయస్థానమును బిలువలేదు. అప్పిచ్చిన వృద్ధురాలు వీధిలో నెదురైనప్పుడు ఆమెకు జెప్పవలసిన సమాధానమును అతడే వెదకికొనవలసియుండెను.