ఊపిరి నిలిపినవాడు

1899 ఏప్రిల్‌లో పారిస్ దగ్గర కమిల్ జెనాట్జీ కరెంటు కారులో గంటకు 105 కిలోమీటర్లు దాటాడు. మోటారుబండి మీద నూరు దాటిన మొదటి మనిషి అతనే. మా వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు అప్పటికింకా కుర్రాడు. తర్వాతి కాలంలో ఆయన సర్కస్‌లో మోటారుబండ్లనే గొలుసులతో కట్టించుకుని కదలనివ్వకుండా ఆపారు. వేగం పెంచడం, వేగాన్ని ఆపడం: ఈ రెండింటిలో ఏది సాధన, ఏది అహంకారం? డ్రిల్లు మాస్టారుగా బతికిన నన్ను ఈ ప్రశ్న చాన్నాళ్లుగా వదల్లేదు.

జెనాట్జీ తర్వాత కూడా ఆ వేగం పోటీ ఆగలేదు. 1927 ఫిబ్రవరిలో రేసర్ మాల్కమ్ కాంబెల్ వేల్స్‌లోని పెండైన్ ఇసుకతీరాన గంటకు 174 మైళ్లు దాటాడు. అలా తన చేజారిన వేగం రికార్డును తిరిగి దక్కించుకుందామని మరో రేసర్ పారీ థామస్ మార్చి 3న అదే ఇసుకలో కారెక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ నెల తిరక్కుండానే అమెరికాలో ఇంకో రేసర్ సీగ్రేవ్ 203 మైళ్లు దాటేశాడు. థామస్ ఆ రోజు గెలిచినా ఆ గెలుపు నెలరోజులు నిలిచేది కాదు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మరి రామ్మూర్తి గారో? చెరో చేతికీ గొలుసు, చెరో పక్కా ఒక కారు. రెండూ సమానంగా లాగితే మనిషి ఎటూ జారడు. పాదాలకు పెద్ద పని ఉండదు. లాగుడంతా భుజాల కీళ్ల మీదా, ఛాతీ మీదా పడుతుంది. పట్టు సడలిందా, కీలు ఊడుతుంది. అందుకే ఆయన కండతో పాటు ప్రాణాయామాన్ని నమ్ముకున్నారు. కుంభకంలో, అంటే ఊపిరి బిగబట్టి, ఉన్నవాడికి గడియారంతో పోటీ లేదు.

అయినా అదీ సర్కస్ డేరాలోనే కదా! టిక్కెట్లు, చప్పట్లు, కలియుగ భీముడన్న బిరుదు. సిద్ధులు, అంటే యోగంతో వచ్చే శక్తులు, సమాధికి అడ్డమని యోగసూత్రాల్లో పతంజలి ఊరికే హెచ్చరించలేదు. ఆ హెచ్చరిక రామ్మూర్తి గారికీ వర్తిస్తుందని నాకు ఒప్పుకోక తప్పదు.

పాలకొండ వైపు పిల్లాడొకడు క్లాసులో లేచి, "కారాపితే ఏటొస్తాది మాస్టారూ?" అని సూటిగా అడిగాడు. కారు సంగతి పక్కనపెట్టి కాలి సంగతి చెప్పాను. చివరి రోజుల్లో పుండు ముదిరి ఆయన కాలు తీసెయ్యాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టి కోయించుకున్నారని మా వైపు పెద్దలు చెప్పుకుంటారు. అక్కడ డేరా లేదు, చప్పట్లు కొట్టేవాళ్లు లేరు, ఓడించాల్సిన కారూ లేదు. నా మటుకు ఆయన సాధన అదే. కార్లు దానికి ముందు చేసిన కసరత్తు.