కైసరు రూపముగల నాణెము
(మత్తయి 22:15–22 చదువుకొనుడి)

పన్ను విషయమై ప్రభువును చిక్కుపరచ వచ్చినవారిచేతనే ఆయన ఒక దేనారము తెప్పించెను. అది తిబెరి కైసరు వేయించిన వెండి నాణెమై యుండునని అనేక పండితుల తలంపు. నేడు ఆ నాణెమునే మీ యింటికి పంపెదమని ఆన్‌లైన్ అమ్మకపువారు ఫోనులలో ప్రకటించుచున్నారు. సండేస్కూలు పిల్లలకు చూపింతమని మనవారిలో కొందరికి ఆశ. మంచి ఆశయే, అయితే మోసగాడు ఎర గ్రుచ్చునది దానికే.

కొనకమునుపు పరీక్షింతము. అది అవిశ్వాసము కాదు. సమస్తమును పరీక్షింపుమని పౌలు థెస్సలొనీకయులకు బోధించెను గదా (1 థెస్స. 5:21).

తిబెరి దేనారము 3.7 గ్రాములకు అటు ఇటుగా తూగును. వెడల్పు ఇంచుమించు 18 మిల్లీమీటర్లు. ఆ దినములలో వెండి బిళ్లను రెండు అచ్చుల నడుమనుంచి సుత్తెతో కొట్టెడివారు. కావున బొమ్మ ఒక ప్రక్కకు ఒరుగును, అంచు పగులును. ఏ రెండును అచ్చముగా ఒక్కటిగా నుండవు. నకిలీవారిలో అనేకులు లోహము కరగించి పోత పోయుదురు. అట్టిదాని అంచున అతుకు గీతయైనను, దానిని చెరిపిన ఆకురాయి గీతలైనను కనబడవచ్చును. మీద సూదిబెజ్జములవంటి గుంటలుండును. నిజముగా అరిగిన నాణెమున బుగ్గ, జుట్టు మొదలగు ఎత్తైన చోట్లు ముందుగా అరుగును. పోత నాణెమున పల్లములు సయితము మైనమువలె మొద్దుబారును. ఒకే అమ్మకపువానియొద్ద రెండు నాణెములకు ఒకేచోట ఒకే గాటున్నయెడల ఇక అడుగనేల?

సుత్తెతో కొట్టినదంతయు నిజమైనది కాదు సుమా. జర్మనీ దేశపు బెకర్ (1772–1830) అనువాడు తానే అచ్చులు చెక్కి నాణెములు కొట్టి, క్రొత్తదనము పోవుటకై వాటిని ఇనుపరజను పెట్టెలో వేసి తన బండికి కట్టి త్రిప్పెడివాడట! ఎంత శ్రమ, ఎంత దుష్కార్యమునకు!

కాబట్టి తూకము, వెడల్పు, అంచు ఫోటో అడుగుడి. ఇయ్యనివానిని విడువుడి. తాతగారి పెట్టెలో దొరికెననెడి కథకు వెల కట్టకుడి. నకిలీయని తేలినయెడల సొమ్ము తిరిగి ఇచ్చెదనని వ్రాసియిచ్చు పేరుగల వర్తకునియొద్దనే కొనుడి. మన దేశమున నూరేండ్లు దాటిన నాణెములు 1972 నాటి చట్టమునుబట్టి పురావస్తువులు. వాటి వ్యాపారికి లైసెన్సు ఉండవలెను. అదియు అడుగుడి.

మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలోనే ఔగుస్తు, తిబెరిల దేనారములు దొరికినవి. మన దేశమున దొరికిన రోమా నాణెములలో కొన్నిటిమీద కైసరు ముఖమునకు అడ్డముగా ఉలిగాటు కలదు. లోపల వెండియేనా యని చూచుటకు కొట్టిరని కొందరందురు. మీ నాగటిచాలున అట్టివి బయలుపడినయెడల ఎవరికిని అమ్మక, 1878 నాటి నిధుల చట్టప్రకారము కలెక్టరుగారికి తెలియజేయుడి.