చెబితే గుణం పోతుందా?

మా పెద్దత్తగారు పిల్లల విరేచనాలకి ఏదో పొడి ఇచ్చేవారు. ఊళ్లో ఎవరి పిల్లకి సుస్తీ చేసినా మా గుమ్మంలోకే వచ్చేవారు. పైసా పుచ్చుకునేవారు కారు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ అందులో ఏం కలుపుతారని అడిగితే మాత్రం, "చెబితే గుణం పోతుందే అమ్మాయ్!" అనేవారు. ఆవిడా పోయారు, పొడీ పోయింది. అది నిజంగా పనిచేసేదో, ఆ పిల్లలే ఆయుష్షుండి బతికారో తేల్చుకునే దారి కూడా పోయింది.

సరిగ్గా ఆ జబ్బుకే ఇంకో మందుంది. దాని కథ వేరు. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పునీ, నీటినీ లోపలికి తీసుకుంటుందని శాస్త్రజ్ఞులు పరిశోధించి, పత్రికల్లో రాసి పెట్టారు. 1968లో ఢాకాలో కలరా రోగులకి తాగించి చూశారు కూడా. 1971 యుద్ధంలో లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి బెంగాల్‌లోకి వచ్చిపడ్డారు. బన్‌గావ్ శిబిరంలో కలరా పుట్టింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, తినేసోడా కలిపిన నీళ్లు రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. మొదట తెలుసుకున్నవాళ్లు మా పెద్దత్తగారిలా నోరు కట్టేసుకుని ఉంటే ఆయనేం చేసేవారు చెప్పండి?

అందరి చేతుల్లో పెడితే కొలత తప్పదూ అన్నారు కొందరు డాక్టర్లు. ఆ భయం ఉత్తిది కాదు, ఉప్పెక్కువైతే ప్రమాదమే. అంచేత కొలత కూడా నేర్పాలి. 1980 నుంచి పదేళ్లపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ఆడవాళ్లు కోటీ ఇరవై లక్షల ఇళ్లు తిరిగారు. మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరశేరు నీళ్లు! ఎంతమందికి చెప్పారన్నది కాదు, తల్లులకి ఎంత గుర్తుందన్నది చూసి వాళ్లకి డబ్బిచ్చేవారట. ఇలాంటి జమాఖర్చు నాకు భలే నచ్చింది.

ఇదంతా నాకు ఎప్పుడో తెలుసు. పోయిన ఎండాకాలం మా పనమ్మాయి నాలుగు రోజులు రాలేదు. నాగా పెట్టిందని గిన్నెలమీద విసుగు చూపించాను. తీరా వస్తే చెవులు బోసిగా ఉన్నాయి. పిల్లాడికి విరేచనాలట. ఆస్పత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించారట, దిద్దులు తాకట్టులో ఉన్నాయట.

"నీళ్లు పడితే ఇంకా పోతాయని ఆపేశానమ్మగారూ" అంది.

ఆరేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తోంది. పెద్దత్తగారు చెప్పనన్నా మందైనా ఇచ్చేవారు. నేనేమీ దాచుకోలేదు నిజమే. చెప్పాలని తోచలేదు, అంతే. పిల్లాడి ప్రాణం దగ్గర ఈ రెంటికీ తేడా ఏమిటో నాకింకా తెగడంలేదు.

ఆవేళే కూర్చోబెట్టి చూపించాను. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు, తలగొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఒకటికి రెండుసార్లు తనచేతే కలిపించాను. పిల్లాడు నీరసంగా సోలిపోతే ఇదొక్కటే నమ్ముకోకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తమన్నాను.

"ఇంతేనాండీ!" అని కాసేపు గ్లాసుకేసి చూసి, "ఇది మీకు ఎప్పట్నుంచి తెలుసమ్మగారూ?" అంది.

చెంచా కడిగే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.