పిట్టకు పెట్టిన నీళ్లు



ఎండలు ముదిరితే హైదరాబాద్‌లో మా నాలుగో అంతస్తు బాల్కనీకి పిట్టలొస్తాయి. తోక కింద ఎర్ర మచ్చ ఉండే పిగిలిపిట్ట, గోరింకలు, అప్పుడప్పుడు పిచ్చుకల జంట. చెరువులూ కుంటలూ పూడ్చి ఇళ్లు కట్టుకున్న నగరంలో వాటికి నీళ్లెక్కడివి? అందుకే మట్టి మూకుడులో నీళ్లు పెడుతున్నాను. మంచి పని చేస్తున్నానని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఊరి నుంచి వచ్చిన మా అమ్మ ఆ పిట్టల్ని చూసి సంబరపడింది. అదే రోజు చెత్త తీసుకెళ్లే అన్న తలుపు దగ్గర నీళ్లడిగాడు. పాత ప్లాస్టిక్ బాటిల్లో పోసి, "నువ్వే ఉంచుకో అన్నా" అన్నాను. ఆయన వెళ్లాక అమ్మ అడిగింది: "ఆయనకు ఇయ్యడానికి మనింట్ల గ్లాసు లేదా బిడ్డా?"

తర్వాత మెల్లగా అంది: "మా చిన్నతనంల బాయికాడ తొట్టిల కాకి తాగేది, బర్రె తాగేది. ఎవ్వలు ఏమనకపోయేది. మేమైతే కుండ కింద పెట్టి దూరంగ నిలవడాలె. ఎవలన్న చేది పోస్తేనే నీళ్లు."

నాకు నోట మాట రాలేదు.

మహాడ్ చవదార్ చెరువు కథ కూడా ఇదే కదా! పశువులు, పక్షులు తాగినా మైలపడని నీళ్లు మనవాళ్లు ముట్టుకుంటే మైలపడ్డాయి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. దయ అడగడానికి కాదు, మనిషిగా హక్కు చాటడానికి. కోర్టు కేసు తేలేసరికి 1937 వచ్చింది.

మరి ఇంత అనుభవించిన మనకు పిట్టల మీద దయ ఎందుకు? చీమలకు చక్కెర చల్లి మనిషిని వాకిట్లో నిలబెట్టిన వాళ్ల దయ మనం చూడలేదా? ఈ కోపం న్యాయమైనదే. కానీ తప్పు కాకిది కాదు. కాకి తాగడం అన్యాయం కాదు, అమ్మను ఆపడం అన్యాయం.

'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ కరుణకూ మైత్రికీ తేడా చెప్పారు. కరుణ మనుషుల పట్ల ప్రేమ. మైత్రి అంతకు మించి ప్రాణులన్నిటి పట్ల ప్రేమ. సకల జీవులపై దయ చూపి కాపాడతామని 22 ప్రతిజ్ఞల్లో మనతో చెప్పించారు కూడా. మైత్రి కరుణను దాటి వెళ్తుంది గానీ, దాన్ని వదిలేసి వెళ్లదు. మనిషిని తప్పించుకొని పిట్ట దగ్గరకు పోయే దయ మైత్రి కాదు, అది పుణ్యం లెక్క.

పిట్ట వాలినప్పుడు నువ్వెవరని అడగను. అది తాగిన మూకుడు వేరుగా పెట్టను. మరి మనిషి దగ్గర ఎందుకు లెక్కలేశాను? కులం చేతిలో దెబ్బతిన్న ఇంట్లో పుట్టి కూడా, ఫ్లాటుకు రాగానే నా చేతికి ఆ అలవాటు ఎలా వచ్చింది? స్మృతి అంటే ఇలా మన చేతుల్ని మనమే గమనించుకోవడం.

ఇప్పుడు ఆ అన్నకు మేము తాగే గ్లాసులోనే నీళ్లిస్తున్నాం. మొదటిరోజు ఆయన గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా తాగాడు. ఆ అలవాటు ఆయనకు ఎవరు నేర్పారో మనకు తెలుసు.

మూకుడు మానలేదు. అమ్మే రోజూ పొద్దున కడిగి, దోమలు గుడ్లు పెట్టకుండా నీళ్లు మారుస్తోంది. చిన్న పిట్టలు నిలబడి తాగేందుకు మధ్యలో ఓ రాయి పెట్టింది.

మీరూ పెట్టండి. బాల్కనీలో మూకుడు పెట్టే ముందు, వీధి తలుపు దగ్గర గ్లాసు సంగతి ఒక్కసారి చూసుకోండి.

నమో బుద్ధాయ! జై భీమ్!