వినయమా? దైన్యమా?

మనోభావము క్షణక్షణము మారుచుండును. కాని ఆ భావమునకు లోబడి మనలను గూర్చి మనము చేసికొను నిర్ణయములు ఏండ్ల తరబడి నిలిచిపోవును. మనస్సు క్రుంగిన వేళ “నలుగురిలో మాటాడుట నాకు చేతకాదు” అనుకొన్నవాడు అదియే తన స్వభావమని నమ్మి, పలువురకు ఉపయోగపడవలసిన జీవితమును ఒక మూల దాచివేయును. పైగా దానికి వినయమని పేరు పెట్టుకొనును. ఇది విచారింపదగిన విషయము.

రైలు కొలువుల నాశ్రయించి తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన పట్టణము బిలాస్‌పూర్. అచ్చటివారికి ఇంట తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ. అట్టి కుటుంబములోని యొకడు గోల్ బజారులో సరుకు బేరమాడుచున్నాడనుకొందము. మనస్సు తేటగా నున్ననాడు వర్తకుడు నవ్వినచో, తన మాట అతనికి నచ్చినదని సంతసించును. దిగులుగా నున్ననాడు అదే నవ్వు తన ఉచ్చారణను పరిహసించినట్లు తోచును. వర్తకుడు మారలేదు, భాష మారలేదు. చూచు మనస్సు మారినది. ఆ సాయంకాలమే శ్రీరామనవమి ఉత్సవభారమును వహింపుమని పెద్దలు కోరినచో, “నేను తగను” అని తప్పుకొనును.

మనశ్శాస్త్రజ్ఞులును దీనిని పరీక్షించి చూచిరి. ఫోర్గాస్, బోవర్, క్రాంట్జ్ అనువారు 1984లో ప్రకటించిన పరిశోధనలో, కొందరు ఇతరులతో సంభాషించుచుండగా వీడియో తీసిరి. మరునాడు హిప్నాటిజముచే కొందరిలో సంతోషమును, కొందరిలో విషాదమును కలిగించి ఆ దృశ్యములనే వారికి చూపిరి. సంతోషముతో నున్నవారికి తమ నడవడిలో నేర్పు కనబడెను. విషణ్ణులకు తమ లోపములే కనబడెను. విశేషమేమన, విషణ్ణులు ఎదుటివారికంటె తమనే కఠినముగా తప్పు పట్టిరి.

ఎఱ్ఱని పువ్వు చెంతనున్న స్ఫటికము ఎఱ్ఱగా దోచుట వేదాంతులకు పరిచితమైన దృష్టాంతము. ద్రష్ట తన స్వరూపమున నిలువనపుడు చిత్తవృత్తితో నేకమైనట్లుండునని పతంజలి మహర్షి బోధించెను. చిత్తవిక్షేపమును వెన్నంటి వచ్చువానిలో దౌర్మనస్యమును కూడ లెక్కించెను. కావున దిగులు చెదరిన మనస్సునకు గుర్తే గాని, మన శక్తికి కొలమానము కానేరదు.

1893 సెప్టెంబరు 11న చికాగో సర్వమత మహాసభలో ఉదయము తన గుండె దడదడలాడెననియు, నాలుక ఎండిపోయెననియు, మాటాడుటకు సాహసింపలేదనియు స్వామి వివేకానందులే అళసింగ పెరుమాళ్‌కు వ్రాసిరి. అపరాహ్ణమున సరస్వతీదేవికి నమస్కరించి లేచిరి. తరువాతి కథ లోకవిదితము. ఆ కొన్ని గంటలలో స్వామికి క్రొత్తగా విద్య యేదియు వచ్చి చేరలేదు. ఉదయపు భయమునే తుదితీర్పుగా నంగీకరించి యుండినచో, నష్టము వారికంటె లోకమునకే యెక్కువ.

వినయవంతుడు తన్ను తాను మరచి పనిలో నిమగ్నుడగును. దైన్యమున మునిగినవాడు తన్ను తప్ప మరేమియు తలపడు. మొదటివాడు పని చేసి ఫలమును భగవంతునకు సమర్పించును. రెండవవాడు పనినే విడుచును. ఈ భేదమును గుర్తించుట సాధకునకు ముఖ్యము. ఉల్లాసము పలుకు పొగడ్తను సైతము అట్లే శంకింపవలెను. అదియు వృత్తియే గదా!

కావున దిగులు కలిగిననాడు దిగులు కలిగినదని మాత్రమే తెలిసికొని, “నేనిట్టివాడను” అను తీర్పును వాయిదా వేయవలెను. ఎదుటనున్న చిన్న కర్తవ్యమును నెరవేర్చి, మన మేలుగోరు సజ్జనుల మాట విని, మనస్సు తేరుకొన్న పిదప తూచుకొనవలెను. అంతవరకు నలుగురి పిలుపును కాదనకుండుటయే మేలు.