సరేనని నొక్కిన వేలు

ఒరే చిన్నా,

ఆప్షన్స్‌లో నీ సొమ్ము పోయిన సంగతి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇంట్లో అప్పుడే ముద్దాయిల జాబితా తయారైందట. మీ అమ్మ లెక్కలో తప్పంతా నీ ఆఫీసు స్నేహితుడిది. మీ నాన్నగారేమో ఏలినాటి శని అంటున్నారు. నువ్వు టెలిగ్రామ్‌లో టిప్పులిచ్చినవాణ్ణీ, ఎక్స్‌పైరీ రోజున మొరాయించిన యాప్‌నూ, లాట్ సైజు పెంచిన సెబీనీ తిట్టిపోస్తున్నావట. ఇంతమంది ఉన్న జాబితాలో నీ పేరొక్కటే లేదేమిట్రా?

దెప్పడానికి రాయడం లేదు. ‘నే ముందే చెప్పా’ అనేవాళ్లకు మన ఇళ్లలో కరువేమీ లేదు. వాళ్ల నోటికి జడిసే కదా, పర్సనల్ లోన్ కిస్తీ బౌన్సయ్యేదాకా దాచావు! నష్టం రాగానే దోషి కోసం వెతికే ఇంట్లో పిల్లలు నష్టాలు చెప్పడం మానేస్తారు. అది మా పెద్దవాళ్లు ఆలోచించుకోవలసిన సంగతి.

నీ సంగతికి వస్తాను. 2023 జులై నుంచి ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అదే ఎఫ్ అండ్ ఓ, చేసేవాళ్లకు లాగిన్ అవగానే ఒక హెచ్చరిక కనబడేలా చేసింది సెబీ. ఇందులో దిగిన మామూలు మనుషులు పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోయారని అందులో ఉంటుంది. చూశానని నొక్కితేనే ముందుకు పోనిస్తుంది. నువ్వు నొక్కావు. 2024 సెప్టెంబర్‌లో అదే సెబీ మూడేళ్ల లెక్క తీసి, కోటిమందికి పైగా ఉన్న ఈ ట్రేడర్లలో 93 శాతం మంది పోగొట్టుకున్నారనీ, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందనీ చెప్పింది. అది చదివిన ప్రతివాడూ నూటికి మిగిలిన ఏడుగురిలో తానొకణ్ణనే అనుకుంటాడు. అనుకోవడం నేరమేమీ కాదులే. రేటు వస్తుందని మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టే గుంటూరు రైతుదీ ఆశే. కాకపోతే రేటు పడిపోతే ఏం చెయ్యాలో అతను ముందే ఒక లెక్క వేసుకుంటాడు. నువ్వు వేసుకోలేదు.

టిప్పులిచ్చినవాడికి సెబీ రిజిస్ట్రేషన్ లేకపోతే వాడు చేసింది చట్టవిరుద్ధమే. సెబీకి ఫిర్యాదు పెట్టు. యాప్ ఆగిన రోజు స్క్రీన్‌షాట్లుంటే ఆ బ్రోకర్ మీదా పెట్టు. వాళ్లను ఊరికే వదిలెయ్యమని నేననను. కానీ మొదట్లో లాభాలొచ్చినప్పుడు అవి నీ తెలివేనని స్నేహితులకు బిర్యానీ పెట్టించావు కదా, టెలిగ్రామ్ వాడి పేరు ఆ రోజు ఎత్తావా? గడువు దగ్గరపడేకొద్దీ కరిగిపోయే ప్రీమియం మీద అప్పు తెచ్చి పెట్టడం ఎవరి నిర్ణయం? ఎవరి వాటా ఎంతో విడదీసి చూసుకో. తప్పంతా వాడిదే అనుకున్నంతకాలం ఇంకో మంచి టిప్పు దొరికితే చాలనిపిస్తుంది. మళ్లీ అప్పు, మళ్లీ ఎక్స్‌పైరీ.

అలాగని జన్మలో రిస్కు జోలికి పోనని ఒట్లు పెట్టుకోకు. అంతా ఎఫ్‌డీలో వేసి కూర్చోమనేవాళ్ల మాటా వినకు. ఎంతవరకు పోయినా ఇల్లు గడుస్తుందో ఆ అంకె ముందే రాసుకుని, దాని లోపల ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

బ్యాంకులో పనిచేసినవాణ్ణి గనుక ఇంకొకటి చెబుతాను. ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు వ్యాపార నష్టంగానే చూస్తారు. గడువులోగా రిటర్న్ వేసి అందులో చూపిస్తే, ఎనిమిదేళ్ల దాకా వచ్చే వ్యాపార లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. జీతంలోంచి మాత్రం కుదరదు. సిగ్గుపడి దాచిపెడితే ఆ కాస్త ఊరటా పోతుంది.

ఆదివారం భోజనానికి రండి. స్టేట్‌మెంట్లన్నీ పట్టుకురా, కిస్తీల సంగతి కూర్చుని చూద్దాం. బయల్దేరే ముందే అసలు అంకె ఎంతో మీ ఆవిడకు నువ్వే చెప్పు. మీ అత్తయ్య నోట వినకూడదు తను.

మామయ్య