దేమేత్రికిని కూడుకొను హక్కు కలదా?

పాఠభాగము: అపొస్తలుల కార్యములు 19:23–41

ఎఫెసు పట్టణములో పుట్టిన అల్లరిని గూర్చి మన ఆలయములలో అనేక ప్రసంగములు వినియున్నాము. దేమేత్రియను కంసాలి దురాశాపరుడనియు, అతని మాటలకు పట్టణమంతయు రేగినదనియు, దేవుడు పౌలును కాపాడెననియు చెప్పుకొని ముందుకు సాగిపోవుచుందుము. ఈ నెల ఆ కథ మొదటి భాగమునొద్ద కొంచెము ఆగుదము.

దేమేత్రి మొట్టమొదట చేసినదేమి? తన పనివారిని, అట్టి పనిచేయు ఇతరులను పిలిచి, మన జీవనము చెడిపోవుచున్నదని వారితో చెప్పెను. అంతవరకు అందులో నేరమేమున్నది? ఒకే వృత్తివారు ఒకచోట కూడి తమ కూటిని గూర్చి మాటలాడుకొనిరి. వారు గాయియును, అరిస్తార్కును పట్టుకొని నాటకశాలలోనికి ఈడ్చుకొనిపోయినప్పుడే నేరము పుట్టెను. ఆ సమూహములో చాలమందికి తామెందుకు వచ్చిరో తెలియదని లూకా వ్రాసినాడు. (నేటి జనసమూహములలో కొన్నిటిని చూచినవారికి ఈ మాట నవ్వు పుట్టించును.) అప్పుడు పట్టణపు కరణము లేచి వారిని సముదాయించి, ఎవనిమీదనైన వ్యాజ్యెమున్నచో న్యాయసభలును అధిపతులును ఉన్నారు, వేరు సంగతియైనచో క్రమమైన సభలో తేల్చుకొనవచ్చును, ఈ అల్లరికి మాత్రము మనమే జవాబు చెప్పవలసివచ్చునని తెలియజేసెను. ఈ కరణము విశ్వాసి కాడు. అయినను ఆ దినమున పౌలు సహచరుల ప్రాణములు నిలుచుటకు అతడు చూపిన ఈ భేదమే సాధనమాయెను: కూడుట వేరు, దౌర్జన్యము వేరు.

ఇక్కడ మరియొక సంగతి గమనింపదగినది. ఈ అధ్యాయములో పట్టణస్థుల సభకు గ్రీకు మూలములో ఉన్న మాటయు, క్రొత్త నిబంధనలో ఇతర చోట్ల క్రైస్తవ సంఘమునకు వాడబడిన మాటయు ఒక్కటే: ఎక్లేసియా. మన అనువాదకులు ఒకచోట సభ అనియు, మరియొకచోట సంఘము అనియు వ్రాసిరి, అది తగినదే. తెలుగులోను సంఘమను మాట అట్టిదే. క్రైస్తవ సంఘము, కూలీల సంఘము, పాల ఉత్పత్తిదారుల సంఘము అనుచున్నాము. మన పేరు మనకొక్కరికే చెందినది కాదు.

కాబట్టి ప్రశ్న ఇది. మనము కూడుకొనుటకు హక్కు ఎక్కడనుండి వచ్చినది? సత్యదేవుని ఆరాధించుచున్నాము గనుక వచ్చినదా, లేక మనుష్యులము గనుక వచ్చినదా? మొదటిది నిజమైతే దేమేత్రికి ఆ హక్కు లేదు. అయితే అధికారము చేతనున్నవాడు తన మతమే సత్యమనుకొనిన దినమున మనకును అది ఉండదు.

ఇంగ్లాండులో డార్సెట్ అను జిల్లాలో టోల్‌పడిల్ అని ఒక పల్లె కలదు. 1830 దాటిన సంవత్సరములలో అక్కడి వ్యవసాయ కూలీలు వారమునకు 10 షిల్లింగులు కూలి అడిగిరి. కామందులు ఇచ్చెదమనిరి. కాని కూలి 9 షిల్లింగులాయెను, తరువాత 8, తరువాత 7. ఇకమీదట 6 మాత్రమేనని చెప్పిరి. ఆ కూలితో భార్యాబిడ్డలతో బ్రదుకుట సాధ్యము కాదు. కామందులు మొదట ఇచ్చిన మాటకు ఆ ఊరి ఆంగ్లికన్ గురువు సాక్షిగా నుండెననియు, తరువాత తానేమియు ఎరుగనని తప్పుకొనెననియు కూలీల పెద్ద జార్జి లవ్‌లెస్ వ్రాసినాడు.

ఈ లవ్‌లెస్ మెథడిస్టు సంఘములో ప్రసంగీకుడు. పగలు దున్ని, తీరిక వేళ వాక్యము చదువుకొనినవాడు. 1833లో అతడును తోడివారును వ్యవసాయ కూలీల సహాయ సంఘమొకటి పెట్టుకొనిరి. చేరువారు గుట్టు బయలుపెట్టమని ప్రమాణము చేయవలెను. అప్పటికి కూలీల సంఘములు ఆ దేశపు చట్టమునకు విరుద్ధము కావు. వాటిని నిషేధించిన చట్టములు 1824లోనే రద్దయ్యెను. అందుచేత మేజిస్ట్రేటు వేరొక దారి వెదకెను. నౌకాదళములో తిరుగుబాటు జరిగిన 1797లో చేసిన రహస్య ప్రమాణముల చట్టమును బయటికి తీసి, 1834 ఫిబ్రవరిలో ఆరుగురిని పట్టించెను. మార్చినెలలో డార్చెస్టరు న్యాయస్థానము వారికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధించెను. తాము ఎవరి పేరుకుగాని, దేహమునకుగాని, ఆస్తికిగాని హాని చేయలేదనియు, తమను, తమ భార్యాబిడ్డలను ఆకలి నుండి కాపాడుకొనుటకే కూడితిమనియు లవ్‌లెస్ వ్రాసి యిచ్చినను ఫలము లేకపోయెను. సంకెళ్లతో వారిని ఆస్ట్రేలియా ప్రాంతమునకు పంపిరి.

ఆలోచింపుడు. ఒక్క కూలివాడు కామందు గుమ్మమున నిలిచి, అయ్యా, కూలి చాలదని బ్రతిమాలినచో నేరము లేదు. ఆరుగురు కూడి అదే మాట చెప్పుటకు ఏర్పాటు చేసికొనినప్పుడే ప్రభుత్వమునకు భయము పుట్టెను. పొలమున్నవాడు ఒంటరిగానున్నను బలవంతుడే. చెట్టు క్రింద నలుగురు కూర్చుండి మాటలాడుకొనుట తప్ప పేదవానికి వేరు బలమేమున్నది? ఆ ఊరిలో గుడి గురువు ఒక ప్రక్కనుండగా, దేవాలయపు మరియొక బోధకుడు సంకెళ్లలో నుండెను. ఇద్దరి చేతిలోను ఒకే బైబిలు.

ఆ యేడు ఏప్రిలు 21న వేలాదిమంది పనివారు లండను వీధులలో క్రమముగా నడచి, రెండు లక్షలకు మించిన సంతకములతో ఒక మనవిని మంత్రియొద్దకు తీసికొనిపోయిరి. వారితో ఒక గురువును నడచెను. మంత్రి ఆ దినమున దానిని పుచ్చుకొనలేదు. అయినను మనవులు ఆగలేదు. 1836లో ఆరుగురికిని పూర్తి క్షమాపణ దొరకెను. కూడుకొనినందుకు శిక్షపొందినవారిని విడిపించినదియు జనులు శాంతముగా కూడుకొనుటయే.

ఇక్కడ మన సహోదరులలో కొందరు అడుగుదురు: పై అధికారులకు లోబడియుండవలెనని పౌలు రోమీయులకు వ్రాయలేదా? వ్రాసెను. ఆ మాటను మేము తేలికగా కొట్టివేయము. కాని అదే అధ్యాయములో అధికారి దేవుని పరిచారకుడనియు, మేలు చేయువానికి భయకారణము కాకూడదనియు ఉన్నది. పరిచారకుడు తన యజమాని ఇచ్చిన వరమును తాళమువేసి దాచుకొని, అడిగినవారికి దయచూపినట్లు కొంచెము కొంచెము పంచకూడదు. పేతురును, యోహానును మాటలాడవద్దని సభవారు బెదరించి విడిచినప్పుడు, వారు మొదట చేసిన పని తమ వారియొద్దకు పోయి కూడి ప్రార్థించుట. సెలవు అడుగలేదు. రాళ్లును రువ్వలేదు.

లోకములోని దేశములు ఈ సంగతిని ఒప్పుకొనుటకు చాలకాలము పట్టినది. పల్లెవారికి సంతోషము కలిగించు విషయమొకటి: పొలముపని చేయువారికిని ఇతర పనివారివలెనే సంఘము పెట్టుకొను హక్కు ఉండవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒక ఒప్పందము చేసెను, 1923లో ఇండియా దానిని ధ్రువపరచెను. తరువాత 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల ప్రకటనలో 20వ అధికరణము ప్రతి మనుష్యునికి శాంతముగా కూడుటకును, సంఘముగా ఏర్పడుటకును హక్కు కలదని చెప్పెను. 1966లో అంగీకరింపబడి 1976లో అమలులోనికి వచ్చిన పౌర, రాజకీయ హక్కుల ఒప్పందములో 21, 22 అధికరణములు దీనిని చట్టబద్ధము చేసినవి. 170కి మించిన దేశములు దానిలో చేరియున్నవి, మన దేశము 1979లో చేరెను. మన రాజ్యాంగములోని 19వ అధికరణమును ఈ రెండు హక్కులను పౌరులకు ఇచ్చుచున్నది. ఆయుధములు లేక, శాంతముగా అను షరతు దానికి కలదు. కాగితముపైనున్న మాటను కాచుటకు మనిషి కావలెను గనుక, 2010లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఈ రెండు హక్కుల విషయము విచారించు ఒక ప్రత్యేక నివేదకుని పదవిని ఏర్పరచెను. ఆయనకు పోలీసు బలము లేదు. అడుగుట, వ్రాయుట, లోకమునకు తెలియజేయుట మాత్రమే ఆయన పని.

ఆ 20వ అధికరణములో రెండవ మాట ఒకటి కలదు. దానిని చాలమంది చదువరు. ఎవరినిగాని బలవంతముగా ఒక సంఘములో చేర్చకూడదు. దీనికి దానియేలు గ్రంథము మూడవ అధ్యాయముకంటె మంచి వ్యాఖ్యానము మాకు తెలియదు. దూరా మైదానములో నెబుకద్నెజరు కూర్చిన సభ ఎంత పెద్దది! అధిపతులు, ఖజానాదారులు, న్యాయాధిపతులు, సమస్త వాద్యములు! కాని అందులో ఒక్కడైనను తన ఇష్టముచేత వచ్చెనో లేదో ఎవరు చెప్పగలరు? రమ్మనగానే రావలెను, పడుమనగానే పడవలెను. షద్రకు, మేషాకు, అబేద్నెగో అను ముగ్గురు మాత్రము నిలిచియుండిరి. ఆ మైదానములో మనస్సాక్షిగల కూటమి వారు ముగ్గురే. కూడుటను నిషేధించు రాజును, బలవంతముగా కూర్చు రాజును వేర్వేరు మనుష్యులు కారు.

నేటి నిషేధములు టోల్‌పడిల్ కాలమువలె బాహాటముగా నుండవు. సంఘము పెట్టుకొనవచ్చును గాని ముందుగా రిజిస్టరు చేయవలెనందురు; రిజిస్టరు చేయబోయిన కాగితము తిరిగి రాదు. సభ జరుపుకొనవచ్చును గాని అనుమతి కావలెనందురు. అనుమతి సభ దినము గడచిన తరువాత వచ్చును. 1966 ఒప్పందమును వివరించు మానవ హక్కుల సమితి 2020లో ఈ విషయమై స్పష్టముగా చెప్పినది: ముందుగా తెలియజేయుమని అడుగుట న్యాయము కావచ్చును, అనుమతి పొందినగాని కూడరాదనుట, శాంతముగా కూడుట మూలహక్కు అను భావమును బలహీనపరచును. అట్లే, సమూహములో ఒకడు రాయి రువ్వినచో వానిని పట్టుకొనవలెను. శాంతముగానున్న మిగిలినవారి హక్కు అంతటితో పోదు. ఎఫెసు కరణము ఈ రెండవ మాటకు తల ఊపియుండునని మా అభిప్రాయము.

ఇప్పుడు కష్టమైన చోటికి వచ్చితిమి. మన ప్రార్థనకూటము ఆపబడినప్పుడు బాధపడుట అందరికి తెలిసినదే. మనకు విరోధముగా మాటలాడువారి శాంతియుత సభ ఆపబడినప్పుడు మనమేమి చేయుదుము? లోలోపల సంతోషింతుమా? దేమేత్రివంటివారు అన్ని ఊళ్లలోను ఉన్నారు. వారిలో కొందరికి మన బోధ నష్టము కలిగించియుండవచ్చును. వారు చేయి ఎత్తనంతవరకు, ఎవరి ఇంటిమీదికి పోనంతవరకు, కూడి మనలను విమర్శించుటకు వారికి హక్కు కలదని మేము నమ్ముచున్నాము. ఇది సులభముగా నోట వచ్చు మాట కాదు. ఎరిగియే చెప్పుచున్నాము.

జర్మనీ రెండుగా చీలియున్న దినములలో తూర్పు భాగములోని లైప్సిగ్ పట్టణమందు పరిశుద్ధ నికొలసు దేవాలయమున 1982 మొదలు ప్రతి సోమవారము సాయంకాలము సమాధానముకొరకు ప్రార్థనకూటము జరుగుచుండెను. ఆ దేశములో ప్రభుత్వము నడపు సంఘములు తప్ప వేరు సంఘములకు చోటు లేదు. దేవాలయము ఒక్కటే మిగిలెను. అందరికి తెరచియున్నదని వాకిట ఒక పలక పెట్టిరి. విశ్వాసులు వచ్చిరి, విశ్వాసులు కానివారు అంతకంటె ఎక్కువగా వచ్చిరి. మాటలాడుటకు వారికి వేరొక కప్పు లేదు. 1989 అక్టోబరు 9వ తేదీ సోమవారమున పట్టణమంతట సాయుధ బలగములను నిలిపిరి. ఆసుపత్రులలో రక్తము సిద్ధపరచిరను వార్త ప్రాకెను. మధ్యాహ్నమే వందలమంది పార్టీ సభ్యులను, ప్రార్థించువారికి చోటు లేకుండ చేయుటకు, దేవాలయములోనికి పంపిరి. కాపరి క్రిస్టియన్ ఫ్యూరర్ వారిని వెళ్లగొట్టలేదు. పలక మీదనున్న మాట వారికిని వర్తించునుగదా! రండి, కూర్చుండుడని చేర్చుకొనెను. వాక్యము వినవలెనను ఆశ లేక వచ్చిన ఆ మనుష్యులు బల్లలమీద కూర్చుండి, కొండమీది ప్రసంగములోని ధన్యతలను వినిరి. సాయంకాలము తలుపులు తెరచినప్పుడు బయట కొవ్వొత్తులు పట్టుకొని జనులు నిండియుండిరి. ఆ రాత్రి డెబ్బదివేలమంది పట్టణము చుట్టు నడచిరి. ఒక చేత కొవ్వొత్తి, గాలికి ఆరకుండ రెండవ చేయి అడ్డము. రాయి పట్టుటకు చేయి ఖాళీ లేదని ఫ్యూరర్ తరువాతి కాలమున చెప్పుచుండెడివాడు. తుపాకి ఒక్కటియు ప్రేలలేదు.